పాత పొక్లెయిన్ కొనేముందు: డీపీఎఫ్ ఉన్నదా, లేనిదా?

దాళ్వా (రెండో పంట) కోతలు ముగిసి, కాలువలకు నీరు కట్టేసిన తరువాత తొలకరి పడేలోపు దొరికే కొద్ది వారాలే గోదావరి డెల్టాలో మట్టి పనికి అదను. చేపల చెరువుల తవ్వకం, గట్ల మరమ్మతు, డ్రెయిన్లలో పూడికతీత అన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి కనుక, పాత పొక్లెయిన్ కోసం భీమవరం, ఆకివీడు, అమలాపురం వైపు వాకబు చేసేవారు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తారు. పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న యంత్రం తీసుకోవాలా, లేనిది తీసుకోవాలా అని వారు అడుగుతున్నారు. యంత్రాన్ని చూడకముందే మీ పని ఎటువంటిదో చూసుకోండి అన్నది నా మొదటి సమాధానం. ఫిల్టర్ ఉండవలసిన యంత్రంలో దాన్ని తీసేసి అమ్ముతున్నదైతే ఎంత చవకగా వచ్చినా వద్దు అన్నది రెండవది.

సైలెన్సర్ ఉండవలసిన చోట కనిపించే లావుపాటి డబ్బాలో తేనెపట్టు వంటి సెరామిక్ దిమ్మ ఉంటుంది. దాని గొట్టాలు ఒకటి విడిచి ఒకటి మూసి ఉండడం వల్ల, పొగ సన్నని రంధ్రాలున్న గోడల గుండా దూరి బయటికి రావాలి. మసి మాత్రం లోపలే నిలుస్తుంది. ఇంజిన్ బరువు మీద పని చేస్తున్నప్పుడు పొగ వేడికే ఆ మసి కొంత కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ ఖర్చు చేసి, లోపలి వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి కాలుస్తుంది. దీనినే రీజెనరేషన్ అంటారు, మన మెకానిక్‌లు రీజెన్ అంటారు. మసి కాలుతుంది గాని ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. కొన్ని వేల గంటలకు ఒకసారి ఫిల్టర్ విప్పి బూడిద శుభ్రం చేయించక తప్పదు.

ఏ యంత్రానికి ఈ ఫిల్టర్ ఉంటుందన్నది తయారైన సంవత్సరాన్ని బట్టే తేలదు. రబ్బరు చక్రాల మీద నడిచి రిజిస్ట్రేషన్ అవసరమయ్యే జేసీబీ వంటి యంత్రాలకు పొగ కాలుష్యానికి హద్దులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) నిబంధనలలో 2021 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2025 జనవరి 1 నుంచి బీఎస్-5 అమలులోకి వచ్చాయి. బీఎస్-4 కాలపు యంత్రాలలో కొన్నిటికి ఫిల్టర్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. బీఎస్-5లో మసి కణాల సంఖ్యకు కూడా పరిమితి పెట్టారు కనుక ఫిల్టర్ దాదాపు తప్పనిసరి. ఇనుప చైను మీద నడిచే పొక్లెయిన్లు ఆ రిజిస్ట్రేషన్ పరిధిలోకి రావు. అందువల్ల ఇక్కడ తిరిగే పాత చైను యంత్రాలలో అధిక భాగానికి ఫిల్టర్ లేదు. విదేశాల నుంచి దిగుమతైన పాత యంత్రాలలో మాత్రం అది ఉండే అవకాశం ఉంది. అమ్మేవాడి మాటతో సరిపెట్టుకోక, ఇంజిన్ మీది ప్లేటు చదవండి.

ఇక పని సంగతి. రేగడి మట్టిని గంటల తరబడి తవ్వి టిప్పర్లకు ఎత్తే ఇంజిన్ బాగా వేడెక్కుతుంది కనుక ఫిల్టర్‌కు అది మేలు చేస్తుంది. అదే యంత్రం చెరువు గట్టు మీద ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తూ రోజులో సగం ఐడిలింగ్‌లో గడిపితే, లేదా గట్టు నునుపు చేసే తేలిక పనికే పరిమితమైతే, పొగ చల్లగా ఉండి మసి పేరుకుంటుంది. మీ పని ఇటువంటిదే అయితే ఫిల్టర్ ఉన్న యంత్రం మిమ్మల్ని తరచూ రీజెన్ కోసం ఆపుతుంది. పొలానికి డ్రమ్ములలో తెచ్చుకునే డీజిల్ కూడా ఆలోచించవలసినదే. 2020 ఏప్రిల్ నుంచి మన బంకులలో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాలలో పది) మించని డీజిల్ దొరుకుతోంది గాని, కల్తీ కలిసినా నీరు చేరినా ఇంజెక్టర్లు పాడై మసి పెరిగి, అదంతా ఫిల్టర్ మీదికి వస్తుంది.

ఫిల్టర్ ఉన్న యంత్రాన్ని చూడబోతే ముందుగా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, పొగ గొట్టం లోపల చూపుడు వేలు పెట్టి తిప్పండి. మంచి ఫిల్టర్ ఉన్న గొట్టంలో వేలికి బూడిదరంగు పొడి తప్ప ఏమీ అంటదు. ఉండి అనే ఊరి దగ్గర నేను చూసిన ఒక యంత్రంలో నా వేలు కాటుక డబ్బాలో పెట్టినట్లు నల్లగా వచ్చింది. డబ్బా చుట్టూ చూస్తే రంగు కింద కొత్త వెల్డింగ్ గీత కనిపించింది. లోపలి దిమ్మను కోసి తీసేసి, బోలు డబ్బాను తిరిగి అతికించి, సెన్సర్‌కు దొంగ సంకేతం ఇచ్చే చిన్న పెట్టెను వైరింగ్‌లో కలిపారు. ఆ మోసం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ యంత్రం వెనుక నిలబడి పని చేసే కూలీలు దానికి ఫిల్టర్ ఉందనే నమ్ముతారు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే వర్గీకరించింది. పైగా రిజిస్ట్రేషన్ ఉన్న వాహనంలో తయారీదారు అమర్చినదాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు.

తరువాత డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పై గీతను దాటి ఉండి, వేళ్ల మధ్య పలుచగా జారి, డీజిల్ వాసన వేస్తే, మధ్యలో ఆగిపోయిన రీజెన్‌ల వల్ల డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అనుమానించాలి. ఏ ఆయిల్ వాడారో అడగండి. బూడిద తక్కువగా ఉండే సీజే-4, సీకే-4 తరగతుల బిల్లులు చూపగలిగితే మంచి గుర్తు. ఆ పిమ్మట, ఎండుగడ్డి లేని శుభ్రమైన నేల మీద యంత్రాన్ని నిలిపి మీ ఎదుటే రీజెన్ చేయించండి. దాళ్వా గడ్డి పరచుకుని ఉన్న చేలో మాత్రం ఆ పని ఎన్నడూ చేయకూడదు, ఆ వేడికి గడ్డి అంటుకోగలదు. సుమారు అరగంట నుంచి ముప్పావుగంటలో పూర్తయి, మానిటర్‌లో మసి శాతం తగ్గాలి. యంత్రం మళ్లీ కొద్ది గంటలకే రీజెన్ అడిగితే ఫిల్టర్ బూడిదతో నిండి ఉండవచ్చు, లేదా ఇంజెక్టర్, టర్బోలలో లోపం ఉండవచ్చు. సముద్రం దాపుల ఉప్పునీటి చెరువులలో పనిచేసిన యంత్రమైతే సెన్సర్ల ప్లగ్గులను ఒక్కొక్కటే విప్పి, పచ్చని చిలుము పట్టిందేమో చూడండి.

ఫిల్టర్ లేని పాత యంత్రంలో ఈ బాధలు లేవు, ఏ పట్టణంలోనైనా మెకానిక్ దొరుకుతాడు, తేలిక పనికీ ఎదురుచూపులకూ అది తట్టుకుంటుంది. ఉదయం చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి పొగ గమనించండి. వేడెక్కాక కూడా నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. బరువు ఎత్తినప్పుడు దట్టంగా నల్లపొగ వస్తే పంపో, ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో చూడాలి. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు ఆవిరి ఉధృతంగా కొడితే రింగులు అరిగినట్లే. చైను, రోలర్లు, పిన్నులు ఏ యంత్రానికైనా చూడవలసినవే.

రోజంతా లోతు తవ్వకం, దగ్గరలో యంత్రాన్ని పరీక్షించే సాఫ్ట్‌వేర్ ఉన్న మెకానిక్, బంకు నుంచి నేరుగా వచ్చే డీజిల్, ఈ మూడూ ఉంటే నేను ఫిల్టర్ ఉన్నదే తీసుకుంటాను. వీటిలో రెండు లేకపోతే నిజాయితీగా ఫిల్టర్ లేకుండానే తయారైన, ఇంజిన్ బాగున్న యంత్రం తీసుకుంటాను. బేరం కుదిరాక అమ్మకం కాగితంలో ఇంజిన్ నంబరుతో పాటు ఫిల్టర్ మీది సీరియల్ నంబరు, చివరి బూడిద శుభ్రం ఎన్ని గంటల రీడింగ్ వద్ద జరిగిందో కూడా రాయించండి, రీజెన్ మీ కళ్ల ముందు పూర్తయ్యేవరకు అడ్వాన్సుకు మించి ఇవ్వకండి.