క్రాకోవ్‌లో చవక హాస్టల్‌లో దిగాలంటే ఎలా?

అమీర్‌పేటలో హాస్టల్ అంటే నెలవారీ అద్దె, మెస్సు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో హాస్టల్ అంటే రాత్రికి ఇంత అని ఒక బెడ్డు, అందరికీ కలిపి ఒక వంటగది. వండిపెట్టేవాళ్ళు ఉండరు. అందుకే బుక్ చేసేటప్పుడు రేటింగ్ కన్నా ముందు వంటగది చూడాలి.

బుక్ చేసేముందు

మూడు సంగతులు చూసుకోండి: రిసెప్షన్ 24 గంటలూ ఉంటుందా, వంటగదిలో పొయ్యి ఉందా లేక మైక్రోవేవ్, కెటిల్‌తో సరిపెట్టారా, ఎన్నో అంతస్తు. ఫొటోల్లో మంచాల కన్నా బార్ ఎక్కువ కనిపిస్తే అది పార్టీ హాస్టల్, నిద్ర మీద ఆశ వదులుకోవాలి. కాస్త ఎక్కువైనా 4 లేదా 6 బెడ్ల గది నయం. ఆడవాళ్ళకు విడిగా గదులున్న హాస్టళ్ళూ ఉన్నాయి.

పోలండ్ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకు బుకింగ్ కాగితం పెట్టేవాళ్ళు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోండి. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

తేదీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బస్సు 11వ తేదీ తెల్లవారుజామున 1 గంటకు చేరుతుందంటే బెడ్డు 10వ తేదీ రాత్రికి ఉండాలి. 11కి బుక్ చేస్తే మధ్యాహ్నం 2, 3 గంటల దాకా బెడ్డు ఇవ్వరు. ఆలస్యంగా వస్తున్నామని ముందే మెసేజ్ పెట్టకపోతే రాలేదనుకుని రద్దు చేసేవాళ్ళూ ఉంటారు.

తలుపు దాకా

విమానాశ్రయం నుంచి క్రాకుఫ్ గ్వూవ్నీ, అంటే క్రాకోవ్ మెయిన్ స్టేషన్‌కు రైల్లో సుమారు 20 నిమిషాలు. బస్టాండు ఆ స్టేషన్ వెనకవైపే ఉంది. పట్టాల కింద నడవాలో ఇవతలికి వస్తే పాతబస్తీ దగ్గరే.

అసలు చిక్కు వీధి తలుపు దగ్గర. చాలా హాస్టళ్ళు పాత భవనాల్లో ఒకటి రెండు వాటాల్లో నడుస్తాయి. పెద్ద బోర్డు ఉండకపోవచ్చు. అడ్రసులో 12/5 అని ఉంటే 12వ నంబరు భవనం, 5వ వాటా అని. గోడకున్న ఇంటర్‌కమ్‌లో 5 నొక్కండి. జుయ్‌మని మోత వస్తున్నంతసేపే తాళం వదులుతుంది, అప్పుడే తలుపు గట్టిగా తోయాలి. మోత ఆగాక తోస్తే కదలదు. ఆ తర్వాత మెట్లు. చాలా పాత భవనాల్లో లిఫ్టు ఉండదు, పైకప్పులు ఎత్తు కాబట్టి మూడో అంతస్తంటే మన నాలుగో అంతస్తంత. 23 కిలోల సూట్‌కేసుతో ఎక్కి చూస్తే తెలుస్తుంది. రాత్రి రిసెప్షన్ మూసే చోట తలుపు కోడ్ ముందే పంపిస్తారు. నెట్ ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

గదిలో

తాళంచెవికో కార్డుకో కొన్నిచోట్ల డిపాజిట్ అడుగుతారు, దాన్ని కౌత్స్యా అంటారు. లాకర్‌కు తాళం మీరే తెచ్చుకోవాలి. కొక్కెం లావుగా ఉంటే రంధ్రంలో దూరదు, సన్న కొక్కెం నంబర్ తాళం తీసుకెళ్ళండి. దుప్పటి గలేబు, దిండు గలేబు మీరే తొడుక్కోవాలి. రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ అక్కడి సాకెట్‌లో సరిపోతుంది, మన మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్ పట్టదు. అడాప్టర్ కావాలి.

బాత్‌రూమ్ తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్ళకు, గుండ్రం ఉంటే ఆడవాళ్ళకు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించడం ఇక్కడి రివాజు. పొద్దున్నే బయల్దేరేవాళ్ళు బ్యాగు రాత్రే సర్దుకోవాలి. ఆరుగురు నిద్రపోతున్న గదిలో క్యారీ బ్యాగు చప్పుడంత పాపం మరొకటి లేదు.

వంటగదిలో

పోలండ్ సూపర్‌మార్కెట్లలో బియ్యం ఎక్కువగా చిల్లుల సంచుల్లో వస్తుంది, సాధారణంగా ఒక్కోటి 100 గ్రాములు. సంచి చింపకుండా మరిగే ఉప్పునీళ్ళలో వేసి, పెట్టె మీద రాసినంతసేపు, సుమారు పావుగంట ఉడికించి, నీళ్ళోడ్చి అప్పుడు కత్తిరించాలి. మన అన్నం ఆకలికి ఒక్క సంచి చాలదు. పెరుగు కావాలంటే యోగుర్త్ నతురాల్నీ అడగండి. మాష్లాంకా అంటే మజ్జిగే, కాస్త చిక్కన. ఉప్పు, పచ్చిమిర్చి వేసుకుంటే పరాయి ఊరనిపించదు.

తాలింపు మాత్రం జాగ్రత్త. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగి భవనమంతా లేస్తుంది. నూనె కాగీకాగకముందే ఆవాలు వేసి, మూతపెట్టి, కిటికీ తెరవండి. ఇండక్షన్ పొయ్యి అయితే ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం గిన్నె వేడెక్కదు. ఫ్రిజ్‌లో పెట్టినదాని మీద పేరు, వెళ్ళే తేదీ రాయకపోతే శుభ్రం చేసేవాళ్ళు పారేస్తారు. నెయ్యి, పాలకోవా ఇండియా నుంచి మోసుకెళ్ళకండి. యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు తేనివ్వరు.

2018లో వచ్చిన చట్టం వల్ల చాలా ఆదివారాలు పెద్ద దుకాణాలు మూస్తారు. సరుకులు శనివారమే తెచ్చుకోండి. ఆదివారం జాప్కా అనే చిన్న కొట్లు చాలావరకు తెరిచే ఉంటాయి, ధర కొంచెం ఎక్కువ.

వండే ఓపిక లేకపోతే బార్ మ్లెచ్నీ అనే చవక క్యాంటీన్లున్నాయి. శాకాహారులు పియెరోగి రుస్కియె చెప్పొచ్చు, ఇవి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, లోపల బంగాళాదుంప, జున్నులాంటి త్వారుగ్ ఉంటాయి. పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది కాబట్టి ‘బెస్ స్క్వార్కుఫ్’ అని ముందే చెప్పండి. హోటల్లో నోటు ఇస్తూ ‘జెంకుయె’, అంటే థాంక్స్, అన్నారంటే చిల్లర ఉంచుకోమన్నట్టే. చిల్లర చేతికొచ్చాకే ఆ మాట అనండి. ఏటీఎం రూపాయల్లోనా, పోలండ్ డబ్బు జ్వోటీల్లోనా అని అడిగితే జ్వోటీలే నొక్కాలి, లేదంటే మారకంలో నష్టపోతారు.

వెళ్ళేరోజు

చాలాచోట్ల 10, 11 గంటలకల్లా ఖాళీ చేయాలి. దుప్పటి గలేబులు విప్పి రిసెప్షన్ దగ్గరి బుట్టలో వేయండి. బస్సు రాత్రికైతే సామాను అక్కడే పెట్టి తిరిగి రావచ్చు. నాజీల కాలపు ఖైదీల శిబిరం ఆష్విట్జ్ మ్యూజియం లోపలికి పెద్ద బ్యాగులు రానివ్వరు కాబట్టి అక్కడికి వెళ్ళేరోజు ఇదే మేలు. కార్డు అప్పజెప్పి కౌత్స్యా వెనక్కి తీసుకున్నాకే మెట్లు దిగండి. కిందకొచ్చాక గుర్తొస్తే మళ్ళీ ఆ మూడంతస్తులూ ఎక్కాలి.