అద్దె ఇవ్వరు, ఇల్లు ఖాళీ చేయరు: నేను చేసిన పనులు, మీరు చేయవలసినవి

సికింద్రాబాద్ వారాసిగూడలో మా ఇంటి పై పోర్షన్ తాళంచెవి తిరిగి నా చేతికి రావడానికి రెండు సంవత్సరాల అయిదు నెలలు పట్టింది. అందులో మొదటి తొమ్మిది నెలలు నా మొహమాటానికే పోయాయి. కోర్టు ఆలస్యం చేసిందని చాలామంది అంటారు. నా విషయంలో ముందు ఆలస్యం చేసింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

2021 నవంబరులో అద్దె ఆగింది. నెలకు 14,000 రూపాయలు. అడిగితే అద్దెకున్నతను మెట్ల మీదే నిలబడి, "టీచరుగారూ, వచ్చే నెల రెండూ కలిపి ఇచ్చేస్తాను" అనేవాడు. వాళ్లింట్లో చదువుకునే ఆడపిల్ల ఉంది కదా అని ఊరుకునేదాన్ని. మీరు అలా ఊరుకోకండి. జాలి చూపండి, గడువు ఇవ్వండి, కానీ ఆ గడువును రాతలో ఇవ్వండి. ఏ నెల, ఎంత బాకీ, ఏ తేదీలోగా కడతారు అని ఫోనులో సందేశం పంపండి. అతడు నాకు పంపిన "సరేనండి, నాలుగు నెలలది కలిపి ఇస్తాను" అన్న ఒక్క వాక్యమే తరువాత కోర్టులో బాకీకి ఒప్పుకోలుగా పనికొచ్చింది. ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. వాటిని సాక్ష్యంగా దాఖలు చేయడానికి ఒక ధ్రువపత్రం జతచేయాలి. అప్పట్లో అది పాత సాక్ష్య చట్టం 65-బి సెక్షన్ కింద ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కిందికి వచ్చింది.

మా అక్క కొడుకు కోపంగా, "పిన్నీ, మోటారు ఆపెయ్, వారంలో వాళ్లే పోతారు" అన్నాడు. ఆ పని పొరపాటున కూడా చేయకండి. నీళ్లు, కరెంటు ఆపితే వాళ్లు కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకుంటారు, అప్పటిదాకా బాధితులుగా ఉన్న మీరు నిందితుల స్థానంలోకి వెళతారు. తాళం మార్చి సామాను బయట పెట్టడం ఇంకా ప్రమాదం. చట్టప్రకారం కాకుండా బయటికి పంపిన వ్యక్తి, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి, ఇంటి యజమాని మీద కూడా స్వాధీనం తిరిగి పొందవచ్చు. పోలీస్ స్టేషన్‌కు వెళితే ఇది సివిల్ వ్యవహారం అంటారు. బెదిరింపులు వస్తే మాత్రం ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.

న్యాయవాది ఖర్చుకు భయపడి ఆగిపోయే ఆడవాళ్లకు ఒక మాట. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కోర్టు ఆవరణలో బోర్డు చూసి తెలుసుకున్నాను. అక్కడ నాకు కేటాయించిన న్యాయవాది నా కూతురి వయసు అమ్మాయి. ఓపికగా ప్రతి కాగితం చదివింది.

ఏ కోర్టు అన్నది అద్దెను బట్టి ఉంటుంది. అందరూ నన్ను అద్దె తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లమన్నారు. కానీ తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. కాబట్టి నాది సివిల్ కోర్టులో దావా. అక్కడ తొలిమెట్టు నోటీసు.

"బకాయి కట్టండి" అని మాత్రమే రాస్తే ఆ నోటీసు చాలదు. అద్దె ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామని, ఖాళీ చేసి స్వాధీనం ఇవ్వాలని స్పష్టంగా ఉండాలి. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల గడువు ఇవ్వాలి. లెక్క కూడా అందులోనే చూపండి. నాది ఇలా ఉంది: తొమ్మిది నెలల అద్దె 1,26,000, అందులో అడ్వాన్సు 28,000 పోగా 98,000. ఖాళీ చేసేదాకా నెలకు ఎంత నష్టపరిహారం కోరుతున్నారో కూడా రాయించండి.

నా నోటీసు కవరు తీసుకోకుండా తిప్పి పంపారు. బెంగపడి విప్పబోయాను. మా న్యాయవాది, "అమ్మా, ముట్టుకోకండి" అంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన కవరును తీసుకోవడానికి నిరాకరిస్తే అందినట్టే కోర్టు భావిస్తుంది. పోస్టుమాన్ రాసిన తేదీ, సంతకంతో, అతికించినది అతికించినట్టే ఆ కవరును దాచండి. అదే వారంలో కోర్టులో కేవియట్ (ముందస్తు అర్జీ) కూడా వేయండి. 90 రోజుల పాటు మీ మాట వినకుండా వాళ్లకు ఏకపక్షంగా ఉత్తర్వు రాదు.

నోటీసు వెళ్లిన తరువాత ఒక రాత్రి నా ఖాతాలో 5,000 రూపాయలు పడ్డాయి. సంతోషించాను. అదే పెద్ద చిక్కని పొద్దున తెలిసింది. గడువు ముగిసిన తరువాతి కాలానికి అద్దెగా తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారని వాదించవచ్చు. అందుకే వెంటనే జవాబు పంపాను: "ఈ మొత్తాన్ని పాత బకాయి కింద మాత్రమే జమ చేసుకుంటున్నాను. నోటీసు ఉపసంహరించుకోలేదు." ఈ రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి.

2022 అక్టోబరులో దావా వేశాం. కోర్టు ఫీజు ఇంటి విలువ మీద కాదు, ఏడాది అద్దె మీద లెక్కకట్టారు. అక్కడ నేను ఊహించని దెబ్బ అగ్రిమెంటు వల్ల తగిలింది. మా ఆయన బతికున్నప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించినది. స్టాంపు సరిపోలేదు. లోటుతో పాటు దానికి పది రెట్లు జరిమానా కడితే తప్ప సాక్ష్యంగా తీసుకోరు. కట్టాను. పైగా అగ్రిమెంటు ఆయన పేరున ఉంది కాబట్టి "ఈవిడ ఎవరు అద్దె అడగడానికి?" అని జవాబు దావాలో రాశారు. పదమూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న నాకు ఆ వాక్యం చదివిన రోజు అన్నం సహించలేదు. కానీ మా ఆయన 2019లో పోయాక అతడు రెండేళ్లు నా ఖాతాలోనే అద్దె వేశాడు. బ్యాంకు స్టేట్‌మెంటు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పింది. యజమాని పోయిన ఇంట్లో కొత్త అగ్రిమెంటు వెంటనే రాయించుకోండి, అద్దె మాత్రం నగదుగా తీసుకోకండి.

వాయిదాలు మొదలవగానే మీ న్యాయవాదిని ఆర్డర్ 15-ఎ గురించి అడగండి. ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన నిబంధన ఇది. దీని ప్రకారం అద్దెకున్నవారు వివాదం లేని బకాయిని కోర్టులో కట్టాలి, దావా తేలేదాకా నెలనెలా కడుతూ ఉండాలి. కట్టకపోతే వారి డిఫెన్సును, అంటే దావాకు వాళ్లు చెప్పుకున్న వాదనను, కోర్టు కొట్టివేయవచ్చు. మా కేసులో సరిగ్గా అదే జరిగింది. అయినా నేను బోనెక్కి నా సాక్ష్యం నేను చెప్పవలసే వచ్చింది. తేదీలన్నీ ఒక పాత రఫ్ నోటుబుక్కులో రాసుకుని కంఠస్థం చేశాను.

2024 జనవరిలో డిక్రీ, అంటే ఇల్లు అప్పగించాలన్న కోర్టు ఉత్తర్వు, వచ్చింది. డిక్రీతో ఇల్లు రాదు. అమలు పిటిషన్ వేయాలి, దాన్నే ఈపీ అంటారు. కోర్టు వారంటు ఇస్తే అమీను అనే కోర్టు ఉద్యోగి వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు. డిక్రీ నకలుకు తీర్పు రోజే దరఖాస్తు పెట్టండి.

అమీను ఏప్రిల్‌లో వస్తాడనగా ముందు రాత్రి వాళ్లు సామాను దించుకుని వెళ్లిపోయారు. తలుపు తీసి ఉందని నేను ఒంటరిగా లోపలికి వెళ్లలేదు. అమీను వచ్చాక ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల ఎదుట పంచనామా రాయించి, కరెంటు మీటరు అంకె, గోడలు, ట్యాపులు అన్నిటికీ ఫోటోలు తీసి, అప్పుడు తాళం వేశాను. వదిలివెళ్లిన ప్రతి వస్తువునూ జాబితా రాయించండి. బకాయి వసూలుకు వేరే పిటిషన్ నడుస్తోంది.

అటక మీద వాళ్ల అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో దొరికింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, వాళ్ల న్యాయవాది ఆఫీసుకు వెళ్లి ఇచ్చి, రసీదు తీసుకున్నాను.