ఇంట్లో నెట్ వైరు ఎక్కడ చెడిందో కేబుల్ టెస్టర్‌తో ఎలా కనిపెట్టాలి?

శ్రీకాకుళంలో బలగ దగ్గర మా మేనమామ గారిది రెండంతస్తుల డాబా. ఫైబర్ కనెక్షన్ కింది హాల్లోకి వస్తుంది. ఇల్లు కట్టేటప్పుడే గోడలో వేయించిన పైపు గుండా అక్కడి నుంచి ఒక క్యాట్6 వైరు (ఎనిమిది తీగలుండే నెట్ వైరు) మేడ మీది గదికి వెళుతుంది. వారి అబ్బాయి ఆ గదిలో కూర్చుని ఉద్యోగం చేసుకుంటాడు. 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నప్పటికీ మేడ మీద వేగం ఎప్పుడూ 95 దాటలేదు. ఆరు నెలల్లో రూటరు మార్చారు, ప్లాను పెంచారు, చివరికి గోడ పగలగొట్టి కొత్త వైరు లాగించడానికి మేస్త్రీతో బేరం కూడా మాట్లాడుకున్నారు. ఆ దశలో టెస్టర్ పెట్టి చూస్తే ఏడో నంబరు దీపం ఒక్కటే వెలగలేదు. మేడ మీది గోడ సాకెట్‌లో తెలుపు-గోధుమ రంగు తీగ తన గాడిలోకి పూర్తిగా దిగలేదు. దాన్ని తిరిగి నొక్కడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

డబ్బు ఖర్చు పెట్టకముందే, గోడ మీద సుత్తి దెబ్బ పడకముందే ఈ చిన్న పరికరాన్ని చేతిలోకి తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. సాధారణ రకం టెస్టర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అందులో రెండు భాగాలు ఉంటాయి. బ్యాటరీ ఉండే పెద్ద భాగం వైరుకు ఒక చివర, చిన్న భాగం రెండో చివర తగిలించాలి. పెద్ద భాగం వైరులోని ఎనిమిది తీగల్లోకి ఒకదాని తరువాత ఒకటిగా స్వల్ప విద్యుత్తును పంపుతుంది. అది రెండో చివరకు చేరితే అక్కడ అదే నంబరు దీపం వెలుగుతుంది. దీపాలు 1 నుంచి 8 వరకు ఉంటాయి. వాటి పక్కన ‘జీ’ అని రాసి ఉన్న తొమ్మిదో దీపం లోహపు తొడుగు ఉన్న వైర్లకు మాత్రమే సంబంధించినది. ఇళ్లలో వాడే మామూలు వైరుకు అది వెలగకపోతే దోషమేమీ లేదు.

టెస్టర్ తీసే ముందు

మొదట లోపం వైరులోనే ఉందని నిర్ధారించుకోవాలి. లాప్‌టాప్‌ను కిందికి తెచ్చి, ఒక చిన్న వైరుతో నేరుగా రూటరుకు తగిలించి వేగం చూడండి. అక్కడ కూడా వేగం రాకపోతే గోడలోని వైరుది తప్పు కాదు. అక్కడ బాగా వచ్చి మేడ మీద తగ్గుతున్నట్లయితే, మేడ మీద వైరు తగిలించి కంప్యూటరు సెట్టింగులలో ఈథర్‌నెట్ లింకు వేగం ఎంత చూపిస్తున్నదో గమనించండి. 1000కి బదులు 100 అని ఉంటే అది చాలా విలువైన ఆధారం. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 నంబర్ల తీగలు చాలు, 1000 ఎంబీపీఎస్‌కు ఎనిమిదీ కావాలి. మిగిలిన నాలుగింటిలో ఒకటి తెగినా చాలా పరికరాలు తమంతట తామే 100కు దిగిపోయి పని చేస్తూ ఉంటాయి. నెట్ ఆగిపోలేదు కనుక వైరు బాగానే ఉందని ఇంట్లోవారు నమ్ముతారు. మా మేనమామ గారింట ఆరు నెలలు జరిగింది ఇదే.

ఫైబర్ పెట్టె మీద ‘ఎల్‌వోఎస్’ (సంకేతం అందడం లేదని తెలిపే) దీపం ఎర్రగా వెలుగుతుంటే సమస్య బయటి నుంచి వచ్చే ఫైబర్‌ది. ఆ సన్నని ఫైబర్‌లో ప్రయాణించేది కాంతి కాబట్టి ఈ టెస్టర్ దానికి పనికిరాదు. దాన్ని విప్పకుండా, దాని చివర కంటికి ఎదురుగా పెట్టుకోకుండా కనెక్షన్ ఇచ్చినవారికి కబురు చేయడమే సరైన పని.

రెండు చివరలూ విప్పండి

టెస్టర్‌కు తగిలించబోయే వైరు రెండు చివరలా ఏ పరికరానికీ తగిలి ఉండకూడదు. ఈ మాట మరీ గట్టిగా చెప్పడానికి కారణం సీసీ కెమెరాలు. చాలా కెమెరాలకు నెట్ వైరులోంచే కరెంటు అందుతుంది, పీవోఈ అనే ఆ పద్ధతిలో 48 వోల్టుల దాకా, ఒక్కొక్కసారి అంతకు పైగా ఉంటుంది. అటువంటి వైరును విప్పకుండా టెస్టర్‌లో పెడితే పరికరం అక్కడికక్కడే కాలిపోవచ్చు. గోడ సాకెట్ పెట్టె తెరవవలసి వస్తే, అదే పెట్టెలో కరెంటు వైర్లు కూడా ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందుగా ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చు (ఎంసీబీ) దించాలి.

తరువాత టెస్టర్‌నే పరీక్షించాలి. బాగుందని ఖాయంగా తెలిసిన చిన్న వైరును రెండు భాగాల మధ్య పెట్టి, ఎనిమిది దీపాలూ వరుసగా వెలుగుతున్నాయో లేదో చూడండి. బ్యాటరీ నీరసించి దీపాలు మసకగా వెలుగుతుంటే మంచి వైరు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ముక్కలుగా విడగొట్టి చూడండి

రూటరు నుంచి కంప్యూటరు దాకా ఒకే వైరు ఉన్నట్లు అనిపించినా, నిజానికి అందులో సాధారణంగా మూడు ముక్కలు ఉంటాయి: రూటరు నుంచి కింది సాకెట్ దాకా ఒక చిన్న వైరు, గోడ లోపలి పెద్ద వైరు, పై సాకెట్ నుంచి కంప్యూటరు దాకా మరో చిన్న వైరు. ముందు ఆ రెండు చిన్న వైర్లను విడివిడిగా పరీక్షించండి. కుర్చీ కాళ్ల కింద నలిగేవీ, చీపురు తగిలి లాగబడేవీ, క్లిప్పు విరిగి వదులయ్యేవీ అవే. అవి బాగున్నాయని తేలాక వాటి సాయంతోనే టెస్టర్ రెండు భాగాలను రెండు సాకెట్లకు తగిలించి గోడ లోపలి వైరును పరీక్షించాలి. కింద ఒకరు, మేడ మీద ఒకరు నిలబడి ఫోనులో మాట్లాడుకుంటూ చూస్తే మెట్లు ఎక్కి దిగే శ్రమ తప్పుతుంది. కింద నాలుగైదు వైర్లు పేర్లు లేకుండా వేలాడుతుంటే, చిన్న భాగాన్ని పై గదిలో ఉంచి కింద ఒక్కొక్క వైరునూ తగిలించి చూడండి. పైన దీపాలు వెలిగించినదే ఆ గది వైరు.

టెస్టర్‌లో నెమ్మదిగా నడిచే స్థానం ఉంటే దానికే మార్చుకోండి. దీపాలు వేగంగా పరుగెత్తితే వరుస తప్పినా కంటికి అందదు.

దీపాల భాష

చిన్న భాగం మీద 1 నుంచి 8 దాకా అదే వరుసలో వెలిగితే ఎనిమిది తీగలూ చేరవలసిన చోటికి చేరాయని అర్థం. ఏదైనా ఒక నంబరు వెలగకపోతే ఆ తీగ తెగింది, లేదా కనెక్టరులో (వైరు చివర ఉండే ప్లాస్టిక్ మొనలో) దాని మీద పిన్ను సరిగా దిగలేదు. ఒక్క దీపమూ వెలగకపోతే అనేక తీగలు ఒకేచోట తెగి ఉండవచ్చు, లేదా మీరు పట్టుకున్నది వేరే గది వైరు కావచ్చు. రెండు తీగలు ఒకదానికొకటి తగులుకుంటే కొన్ని టెస్టర్లలో ఆ రెండు దీపాలూ కలిసి వెలుగుతాయి, కొన్నిటిలో రెండూ ఆరిపోతాయి. అందుకని టెస్టర్‌తో వచ్చిన కాగితాన్ని పారేయకుండా చదవాలి.

వరుస తారుమారైతే తీగలు అమర్చడంలోనే తప్పు జరిగింది. పెద్ద భాగంలో 1, 2, 3, 6 వెలిగినప్పుడు చిన్న భాగంలో 3, 6, 1, 2 వెలుగుతుంటే ఒక చివర టీ568ఏ పద్ధతిలో, రెండో చివర టీ568బీ పద్ధతిలో కట్టారని తెలుస్తుంది. తీగల రంగుల వరుసకు ఉన్న రెండు ప్రామాణిక పద్ధతులు ఇవి. ఇప్పటి పరికరాలు చాలావరకు దాన్ని సర్దుకుని పని చేస్తాయి కానీ, ఇంటి వైరింగులో రెండు చివరలూ ఒకే పద్ధతిలో ఉండటం మంచిది. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది బీ పద్ధతి. కనెక్టరు క్లిప్పు నేల వైపుకు, వైరు దూర్చే నోరు మన వైపుకు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

అన్ని దీపాలూ వెలిగినా వైరు చెడ్డదే కావచ్చు

ఈ టెస్టర్ చూసేది తీగ ఈ చివర నుంచి ఆ చివరకు చేరిందా లేదా అన్నది మాత్రమే. వేగాన్ని అది కొలవదు. ఈ తేడా తెలియక చాలామంది ఎనిమిది దీపాలు చూసి వైరు మీద అనుమానం వదిలేస్తారు.

నేను ఎక్కువసార్లు చూసిన లోపం జతలు చీలిపోవడం. వైరులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. ఆ మెలిక వల్లనే ఒక జతలోని సంకేతం పక్క జతను పాడు చేయకుండా ఉంటుంది. 3, 6 నంబర్లు ఒక జత కావాలి, 4, 5 మరొక జత కావాలి. అయితే కొందరు ఎలక్ట్రీషియన్లు నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ జతలను వరుసగా పక్కపక్కన పెట్టి రెండు చివరలా ఒకే తీరులో నొక్కేస్తారు. టెస్టర్‌లో ఎనిమిదీ వరుస తప్పకుండా వెలుగుతాయి, కానీ మూడో తీగకు జత ఆరో చోట కాక నాలుగో చోట ఉంటుంది. అప్పుడు నెట్ వేగం పడిపోతుంది, లేదా ఉండి ఉండి తెగిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి కళ్లే సాధనం. పారదర్శకమైన కనెక్టరు లోపలి రంగులను పై వరుసతో పోల్చి చూడాలి.

సముద్రపు గాలి సంగతి వేరు. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాలలో కనెక్టరు పిన్నుల మీద ఉప్పు గాలికి ఆకుపచ్చ చిలుము పట్టడం సాధారణం. టెస్టర్ పంపే కొద్దిపాటి విద్యుత్తు ఆ చిలుమును కూడా దాటుకుని దీపాన్ని వెలిగిస్తుంది, నెట్ మాత్రం నిలకడగా ఉండదు. అటువంటి కనెక్టరును తుడిచి వాడటం కంటే కత్తిరించి కొత్తది వేయడమే మేలు. అలాగే చవకగా వస్తుందని రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉన్న వైరు కొన్నవారు, కత్తితో తీగను గీరి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి వైరు కాదు. త్వరగా విరిగే ఆ వైరును బాగుచేయడానికి సమయం వెచ్చించవద్దు. మొత్తం వైరు పొడవు 100 మీటర్లు దాటినా, కరెంటు వైర్లతో ఒకే పైపులో వేసినా దీపాలు వెలుగుతూనే నెట్ ఇబ్బంది పెట్టవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు విపరీతంగా కూలాయి. అది చూసిన తరువాత కూడా, ఈ రోజుకూ తోటల్లో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి కొబ్బరి చెట్టుకు కట్టి లాగిన నెట్ వైర్లు కనిపిస్తాయి. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా ఆ లాగుడు కనెక్టరు మీద పడుతుంది. పైగా దగ్గరలో పిడుగు పడితే ఆ రాగి తీగ గుండా రెండిళ్లలోని పరికరాలూ దెబ్బ తినవచ్చు. రెండు కట్టడాల మధ్య ఫైబర్ వేయించుకోవడమే క్షేమం.

తిరిగి కట్టడం

లోపం ఏ చివర ఉందో తెలియకపోతే, దీపాలు నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో కనెక్టరునూ మెల్లగా అటూ ఇటూ కదపండి. ఆరిన దీపం కదిపినప్పుడు వెలిగితే తప్పు అక్కడే ఉంది. తేడా కనిపించకపోతే ఎక్కువగా కదిలే చివరను ముందు మార్చండి. పాత కనెక్టరు కత్తిరించి, పై తొడుగును సుమారు 3 సెంటీమీటర్లు తీసి, తీగలను వరుసలో పెట్టి చదును చేసి, 13 మిల్లీమీటర్లకు మించి మెలిక విడిపోకుండా సమంగా కత్తిరించాలి. తీగలు కనెక్టరు ముందు గోడకు తగిలేదాకా దూర్చి, పై తొడుగు కూడా కొంత లోపలికి వెళ్లిందని చూసుకున్నాకే, పిన్నులను తీగల మీదికి దించే క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా నొక్కాలి. గోడ సాకెట్ అయితే దాని పక్కన అతికించిన రంగుల పట్టీలో బీ అని ఉన్న వరుసను అనుసరించి, తీగను గాడిలోకి నొక్కే పంచ్ టూల్‌తో ఒక్కొక్క తీగనూ దింపాలి.

పని అయ్యాక మళ్లీ టెస్టర్ పెట్టండి. ఎనిమిదీ వెలిగితే వైరును పరికరాలకు తగిలించి లింకు వేగం 1000 అని వచ్చిందో లేదో కంప్యూటరులో చూడండి. వచ్చిందంటే రెండు చివరలా చిన్న కాగితం చుట్టి, ఏ గది వైరో, ఏ తేదీన కట్టారో రాసి టేపు వేయండి. రెండు చివరలూ కొత్తగా కట్టినా అదే నంబరు ఆరిపోయి ఉంటే తెగింది గోడ లోపలే. అప్పుడు కూడా గోడ పగలగొట్టనవసరం లేదు. పాత వైరు చివరకు కొత్త వైరును గట్టిగా కట్టి, టేపు చుట్టి, రెండో వైపు నుంచి లాగితే పైపు సరిగా ఉన్న ఇళ్లలో కొత్త వైరు దాని వెంటే వచ్చేస్తుంది.