పాత నాణెం చేతికొస్తే: గుర్తుపట్టి, విలువ తేల్చడం ఎలా?

ముందుగా చేయకూడని పని: నాణేన్ని తోమకండి. నిమ్మరసం, టూత్‌పేస్టు, మెటల్ పాలిష్ ఏదీ వద్దు. ఏళ్ల తరబడి లోహం మీద సహజంగా పట్టిన రంగంటేనే సేకర్తలకు ఇష్టం. రుద్దితే పడే సన్నగీతలు మళ్లీ పోవు, విలువ పడిపోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి. ఎప్పుడూ అంచులే పట్టుకోండి.

ఇక గుర్తుపట్టడం. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, 0.01 గ్రాము దాకా తూగే త్రాసు, వ్యాసం కొలవడానికి కాలిపర్ ఉంటే చాలు. లిపి, బొమ్మ, సంవత్సరం, అంచు మీది గీట్లు నోట్ చేసుకోండి. నాణేన్ని ఎక్కడ ముద్రించారో చెప్పే టంకశాల గుర్తు కోసం ఓపిగ్గా వెతకండి. అది ఒక చిన్న అక్షరమో చుక్కో కావచ్చు, అరుదైన నాణేన్ని మామూలు నాణెం నుంచి వేరుచేసేది చాలాసార్లు అదే. సంవత్సరం హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) లెక్కలో ఉంటే 0.97తో గుణించి 622 కలపండి: 1277 అంటే దాదాపు 1860-61. సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మనూ కూడదు. ఆస్ట్రియా రాణి మారియా థెరీసా వెండి థాలర్ నాణేలను ఆమె పోయాక కూడా, 20వ శతాబ్దం దాకా, 1780 అనే అంకెతోనే ముద్రించారు.

తర్వాత అసలా, నకిలీనా? బరువు, వ్యాసం నాణేల కేటలాగుతో పోల్చండి. వెండి, బంగారం అయస్కాంతానికి అతుక్కోవు. అయితే అతుక్కోనంత మాత్రాన అసలుదని కాదు. అందుకే నాకు నీళ్ల పరీక్ష మీద గురి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచండి. నాణెం బరువును అప్పుడు త్రాసు చూపే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 20 గ్రాముల స్టెర్లింగ్ (92.5 శాతం) వెండి నాణేనికి త్రాసు సుమారు 1.93 చూపిస్తుంది, అంటే సాంద్రత 10.36. రాగి-నికెల్ మిశ్రమమైతే 2.25 దగ్గర ఆగుతుంది. అంచు చుట్టూ అతుకు గీత, పైన బుడగల గుంటలు కనిపిస్తే పోత పోసిన నకలని అనుమానించండి.

అరుగుదల చూడటానికి బొమ్మలో ఎత్తైన చోట్లు, అంటే జుట్టు, చెంప గమనించండి. 1949లో వచ్చిన షెల్డన్ కొలమానం ప్రకారం 1 (బాగా అరిగినది) నుంచి 70 (మచ్చలేనిది) వరకు గ్రేడు ఇస్తారు.

చివరికి ధర. పాతదైతే ఖరీదైనదని చాలామంది ఆశపడతారు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు కంచు నాణేలు 1,600 ఏళ్లు దాటినా చవకగా దొరుకుతాయి, ఎందుకంటే కుప్పలుగా మిగిలాయి. ఎన్ని మిగిలాయి, ఎందరు కోరుతున్నారు, ఏ స్థితిలో ఉంది అన్నవే లెక్క. అమ్మేవాళ్లు చెప్పే ధర పట్టించుకోకండి, వేలంలో అదే రకం, అదే గ్రేడు నిజంగా ఎంతకు పోయిందో చూడండి. వెండి నాణెమైతే లోహం విలువ కూడా కట్టండి: 10 గ్రాముల బరువు, 90 శాతం స్వచ్ఛత అంటే 9 గ్రాముల వెండి.

పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో మాత్రం దాచకండి, కొన్నాళ్లకు నాణెం మీద పచ్చని జిగట పడుతుంది.