ప్రాచీన గ్రీస్‌ను గ్రూప్ టూర్‌లో చూడటం ఎలా?

మొదటిసారి ఏథెన్స్ వెళ్లినప్పుడు, పాత గుళ్లున్న ఆక్రోపోలిస్ కొండను కింద రోడ్డు మీద నిలబడి పదిహేను నిమిషాలు చూశాను. పైకి ఎప్పుడు తీసుకెళ్తారని టూర్ మేనేజర్‌ను అడిగితే, ఆయన ఇటినరరీ కాగితం తీసి వేలు పెట్టి చూపించాడు. "ఆక్రోపోలిస్, ఫొటో స్టాప్" అని ఉంది. ఆ కాగితం డబ్బు కట్టేముందు నేనూ చూశాను. ఊళ్ల పేర్లు చూసి మురిసిపోయాను గానీ ఆ చివరి రెండు మాటలు కంటికి ఆనలేదు.

కొన్నేళ్లకు మళ్లీ వెళ్లాను. ఈసారి గ్రీస్ ఒక్కటే, చిన్న గ్రూపు, మంచి గైడ్. అవే రాళ్లు, కానీ వాటిలో ఊరు కనిపించింది. ఆ రెండు ప్రయాణాలకూ ఉన్న తేడా నుంచి నేర్చుకున్నదే ఇదంతా.

1. ఇటినరరీలో ఊళ్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

గ్రూప్ టూర్‌లో మనం కొనేది రెండే: ఆ చోట నిలబడే సమయం, దాన్ని వివరించే మనిషి. హోటల్, బస్సు మనమే చూసుకోవచ్చు. కాబట్టి కాగితం చేతికి రాగానే ఒక్కో చోట ఎన్ని గంటలు ఇచ్చారో పెన్నుతో పక్కన రాసుకోండి. రాయడానికి అంకె దొరకకపోతే ఫోన్ చేసి అడగండి. "పానరోమిక్ టూర్" అంటే బస్సులోంచి చూపిస్తారు. "ఫొటో స్టాప్" అంటే దిగి, సెల్ఫీ తీసుకుని, ఎక్కేయాలి. "విజిట్ విత్ ఎంట్రీ" అని ఉంటేనే గేటు దాటి లోపలికి వెళ్తారు. ఆక్రోపోలిస్‌కూ దాని మ్యూజియంకూ కలిపి నాలుగు గంటలు, జోస్యాల గుడి ఉన్న డెల్ఫీకి మ్యూజియంతో మూడు, పాత ఒలింపిక్ ఆటల చోటు ఒలింపియాకూ మూడు లేకపోతే ఆ టూర్ నేనైతే తీసుకోను.

ఇక గైడ్. గ్రీస్‌లోని పురావస్తు స్థలాల్లో గ్రూపుకు వివరించి చెప్పే హక్కు లైసెన్స్ ఉన్న గైడ్లకే ఉంది. అందుకోసం వాళ్లు చదువుకుని, బ్యాడ్జి తెచ్చుకుంటారు. హైదరాబాద్ నుంచి మీతో వచ్చే టూర్ మేనేజర్ ఎంత తెలిసినవాడైనా గేటు లోపల గైడ్ పని చేయకూడదు. అందుకే "గైడ్ ఉంటాడా" అని అడిగితే సరిపోదు, "ఏయే చోట్ల లైసెన్స్ ఉన్న లోకల్ గైడ్ ఉంటాడు" అని అడగండి. ఏథెన్స్‌లో మాత్రమే పెట్టి మిగతా చోట్ల వదిలేసే టూర్లున్నాయి. ఎంట్రీ టికెట్లు ప్యాకేజీలో కలిసి ఉన్నాయా, చెవిలో పెట్టుకునే ఆడియో సెట్లు ఇస్తారా అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి. టికెట్ చిన్న ఖర్చు కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఆక్రోపోలిస్ ఒక్కదానికే 30 యూరోలు. నలభై మంది గ్రూపులో ఆడియో సెట్ లేకపోతే, వెనకున్న ముప్పై మందికి గైడ్ చేతులు ఊపడం తప్ప ఏమీ అర్థం కాదు.

2. దారి ఎంచుకోండి

ఏథెన్స్ నుంచి బయల్దేరే "క్లాసికల్ టూర్" అని ఒకటుంది, చాలా కంపెనీలు నడుపుతాయి. దారి దాదాపు అందరిదీ ఒకటే: కోరింత్ కాలువ, ఎపిడారస్, మైసీనీ, ఒలింపియా, రియో దగ్గర సముద్రం మీది వంతెన, డెల్ఫీ, తిరిగి ఏథెన్స్. మూడు రోజులు. కొండ కొమ్ముల మీద మఠాలుండే మెటియోరా కూడా కలిపితే నాలుగు. వివరణ ఇంగ్లిష్‌లో ఉంటుంది. పిల్లలు అమెరికా నుంచి, అమ్మానాన్నలు ఇక్కడి నుంచి వచ్చి ఏథెన్స్‌లో కలుసుకునే కుటుంబాలకు ఇది బాగా కుదురుతుంది. భోజనం మనదే కావాలి, వెంట తెలిసిన భాష మాట్లాడే మనిషి ఉండాలి అనుకునే పెద్దవాళ్లయితే ఇక్కడి నుంచి తీసుకెళ్లే ప్యాకేజీయే నయం. కాకపోతే అందులో సాంటోరిని, మైకొనోస్ దీవులకే సగం రోజులు పోతాయి. దీవులు అందమైనవే, కాదనను. కానీ చరిత్ర కోసం వెళ్లేవాళ్లు ఆ రోజుల్ని డెల్ఫీకి మళ్లించుకోవాలి.

3. నెల, వీసా

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబర్, అక్టోబర్. జూలై, ఆగస్టుల్లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూసినవాళ్లం మనకేం అనుకోవద్దు. అక్కడ చెట్టు నీడ లేని కొండ మీద, తెల్లటి పాలరాయి కింద నుంచి కూడా కాలుస్తుంది. వడగాలులు ఎక్కువైతే ఆక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పూట మూసేస్తారు, 2023 జూలైలో అలాగే చేశారు. చలికాలంలో జనం తక్కువ, హోటళ్లు చవక, కానీ చాలా చోట్ల మధ్యాహ్నం మూడున్నరకల్లా గేట్లు మూస్తారు.

వీసా షెంగెన్, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. అంత చివరి దాకా ఆగి టెన్షన్ పడొద్దు, వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. టూర్ కంపెనీ కాగితాలు సర్దిపెడుతుంది గానీ వేలిముద్రలకు మీరే వెళ్లాలి. ప్యాకేజీ మీద ముందే కట్టించుకునే పన్నును (టీసీఎస్) ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, ఆ రసీదు దాచుకోండి.

4. బయల్దేరేముందు నాలుగు కథలు తెలుసుకోండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రామాయణం తెలియనివాణ్ణి హంపికి తీసుకెళ్లి మాల్యవంతం చూపిస్తే ఏం చూస్తాడు? బండరాళ్లు. మైసీనీ కూడా అంతే. ట్రాయ్ యుద్ధం, మైసీనీ రాజు అగమెమ్నాన్ కథ తెలియకపోతే అది ఎండిపోయిన గుట్ట.

తెలుసుకోవాల్సింది ఎక్కువేం కాదు. ట్రాయ్ యుద్ధం ఒకటి. క్రీ.పూ. 480లో పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టడం, ఆ బూడిద మీద ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ కాలంలో పార్థినాన్ గుడి లేవడం రెండోది. డెల్ఫీలో అపోలో పేరిట పూజారిణి పితియా చెప్పిన జోస్యాలు మూడోది. ఒలింపిక్ ఆటలు నాలుగోది. ఒక్కోటి అరగంట, విమానంలో కూర్చుని చదివేయొచ్చు.

అన్నట్టు, మనకూ యవనులకూ పరిచయం కొత్త కాదు. జ్యోతిషంలోని "హోర", మనం రోజూ వాడే "కేంద్రం" గ్రీకు నుంచి సంస్కృతం మీదుగా మన దాకా వచ్చిన మాటలే.

5. ఆక్రోపోలిస్ రోజు

ప్రవేశానికి టైమ్ స్లాట్ ఉంటుంది, గ్రూపుకంతా ఒకటే. ఉదయం 8 గంటల స్లాట్ అడగండి. తొమ్మిదిన్నర దాటితే ఓడల్లో దిగిన వేల మంది ఒకేసారి వచ్చి పడతారు. చెప్పుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వందల ఏళ్లుగా జనం నడిచి నడిచి అక్కడి పాలరాయి నూనె పూసినట్టు నున్నగా ఉంటుంది, వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి, హీల్స్‌తో రానివ్వరు. పెద్ద బ్యాగులూ లోపలికి రానివ్వరు. నడవలేనివాళ్లకు కొండకు లిఫ్ట్ ఉంది, ముందే చెప్పిపెట్టమని టూర్ కంపెనీని అడగాలి.

పైకి వెళ్లాక గైడ్ వెనకే ఉండండి. ఫొటోల కోసం విడిపోయి పది నిమిషాల తర్వాత వచ్చి కలిస్తే, పార్థినాన్ ఎందుకలా పగిలిపోయిందో వినకుండా పోతుంది. అది కాలం చేసిన పని కాదు. తురుష్కులు అందులో మందుగుండు దాచారు, 1687లో వెనిస్ సైన్యం వేసిన గుండు తగిలి నడుమంతా పేలిపోయింది. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి కట్టిన గుడి రెండు వేల ఏళ్లకు పైగా నిలబడి ఒక్క రాత్రిలో ఆ గతి పట్టింది.

మిగిలిన శిల్పాల్లో చాలా భాగాన్ని 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసి లండన్ పంపారు. కొండ కింద 2009లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియంలో ఇది కళ్లారా చూస్తారు. పై అంతస్తులో అసలు రాళ్ల పక్కన, లండన్‌లో ఉన్నవాటికి బదులుగా తెల్లటి నకళ్లు పెట్టారు. తేనె రంగు రాయి, పక్కనే సుద్ద తెలుపు. పార్థినాన్ పక్కనున్న ఎరెక్తియాన్ గుడి మండపాన్ని తలపై మోసే ఆరుగురు స్త్రీ మూర్తుల్లో ఐదుగురు ఇక్కడున్నారు, ఒకావిడ బ్రిటిష్ మ్యూజియంలో. అది చూస్తుంటే తెలుగువాళ్లకు అమరావతి గుర్తు రాకుండా ఉండదు. మన స్తూపం చలువరాళ్లూ ఆ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. 1845లో వాటిని తవ్వించిన వాల్టర్ ఇలియట్ పేరు మీద "ఇలియట్ మార్బుల్స్" అని కూడా పిలిచారు. గైడ్‌కు ఈ మాట చెప్పాను. ఆవిడకు తెలియదట, నోట్‌బుక్ తీసి రాసుకుంది.

6. బస్సు రోజులు

కోరింత్ కాలువ దగ్గర పది నిమిషాలు ఆపుతారు, అది చాలు. ఆరు కిలోమీటర్ల పొడవున కొండను నిలువునా కోశారు. నీరో చక్రవర్తి మొదలుపెట్టించిన పని 1893కి గానీ తీరలేదు.

ఎపిడారస్ రంగస్థలంలో గైడ్ నడుమ నిలబడి నాణెం పడేస్తారు. అప్పుడు మీరు కింది వరుసలో ఉండకండి. ఓపికుంటే ముందే 55 వరుసలూ ఎక్కి పైన కూర్చోండి. ఆ చప్పుడు అక్కడి నుంచి వింటేనే రుచి. క్రీ.పూ. 4వ శతాబ్దపు కట్టడం, మైకు లేకుండా దాదాపు 14,000 మందికి నాటకం వినిపించేది.

మైసీనీలో సింహద్వారం దాటాక ఎక్కుడే. మోకాళ్లు సహకరించనివాళ్లు ద్వారం వరకు వెళ్లి, తర్వాత "ఆట్రియస్ ఖజానా" అనే గోరీ గుమ్మటం చూస్తే చాలు. దాని గుమ్మం పైన అడ్డంగా పెట్టిన రాయి 120 టన్నులంటారు. లోపలికి వెళ్లి నోరు మూసుకుని ఒక్క నిమిషం నిలబడండి.

ఒలింపియాలో అందరూ చేసే పని ఒకటుంది, మీరూ చేయండి: 192 మీటర్ల పరుగు బాట మీద పరుగెత్తడం. మా గ్రూపులో అరవై దాటిన ఆయన గెలిచాడు, మిగతావాళ్లం ఫొటోలకు ఆగాం కాబట్టి. క్రీ.పూ. 776 నుంచి ఆటలు జరిగాయని చెప్పే చోటు అదే.

డెల్ఫీ కొండవాలు. కానుకలు దాచిన ఖజానా, అపోలో గుడి, రంగస్థలం, అన్నిటికన్నా పైన స్టేడియం, అంతా ఎక్కుడు దారే. గ్రూపు మ్యూజియం ముందు చూస్తే బాగుంటుందా, కొండ ముందు ఎక్కితేనా అని గైడ్ అడిగితే, పొద్దున్నయితే కొండ, మధ్యాహ్నమైతే మ్యూజియం అనండి. మ్యూజియంలో కంచు రథసారథి కళ్లల్లోకి చూడకుండా రావద్దు.

7. తిండి, మాట, చెయ్యి

శాకాహారులకు గ్రీస్ మరీ కష్టం కాదు. ఉపవాస దినాల్లో తినే వంటల్ని వాళ్లు "నిస్తీసిమా" అంటారు. మాంసం, గుడ్లు, పాలు ఉండవు, అయితే రొయ్యల్లాంటివి ఉండొచ్చు, అడిగి తినండి. బియ్యం కూరిన టమాటాలు, తెల్ల చిక్కుడు గింజల కూర, పాలకూర పెట్టిన పేస్ట్రీ మన నాలుకకు పడతాయి. చిన్న ఆవకాయ సీసా ఉంటే లోటే లేదు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి.

గ్రీకులో "నే" అంటే అవును. మనకది "నో" లా వినిపించి, టీ కావాలా అన్న చోట అయోమయమవుతుంది. ఐదుగురం అని చెప్పడానికి అరచెయ్యి విప్పి ఎదుటివాళ్ల ముఖం వైపు చూపొద్దు, అక్కడ అది పచ్చి తిట్టు. మెటియోరా మఠాల్లో ఆడవాళ్లు ప్యాంటుతో వస్తే చుట్టుకోవడానికి గుడ్డ ఇస్తారు, చీరకు ఇబ్బందే లేదు. గుర్తుగా ఉంటుందని శిథిలాల్లోంచి చిన్న రాయి కూడా జేబులో వేసుకోవద్దు, నేరం.

8. ఆఖరి రోజు ఖాళీగా అడగండి

ఏథెన్స్ నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంను చాలా టూర్లు మొదటి రోజు, విమానం దిగిన నిద్రమత్తులో చూపిస్తాయి. ఊళ్లు తిరిగొచ్చాక చూడాల్సింది దాన్ని. 1876లో జర్మన్ పురాతత్వవేత్త ష్లీమన్ మైసీనీలో తవ్వి తీసిన బంగారు ముసుగు అక్కడే ఉంది. అగమెమ్నాన్‌దే అని ఆయన నమ్మాడు, నిజానికి అది ట్రాయ్ యుద్ధం జరిగిందనుకునే కాలానికి మూడు వందల ఏళ్ల ముందుది. సముద్రంలో దొరికిన ఆంటికితెరా యంత్రమూ అక్కడే. గ్రహణాల్ని లెక్కకట్టే కంచు పళ్లచక్రాలు, రెండు వేల ఏళ్ల నాటివి. టూర్‌లో లేకపోతే సొంతంగా టికెట్ కొని వెళ్లండి. మంగళవారం మాత్రం మధ్యాహ్నం ఒంటి గంటకు గానీ తెరవరు. మా గ్రూపులో ముగ్గురం ఆ సంగతి తెలియక పొద్దున్నే వెళ్లి, మెట్ల మీద కూర్చుని రెండు కాఫీలు తాగాం.