బాస్కెట్‌బాల్ లెక్కలు – 4వ పాఠం: ఖాళీగా ఎవరిని వదిలేస్తారు?

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ కోర్టుల నుంచి మీరు పంపిన పట్టికలు చూశాను: ఖాళీగా వేసిన షాట్లు ఎన్ని పడ్డాయి, డిఫెండర్ (అడ్డుకునేవాడు) మీదున్నప్పుడు వేసినవి ఎన్ని పడ్డాయి అని. చాలామందిది ఒకటే గోల: "సార్, డిఫెండర్ మీదున్నప్పుడే ఎక్కువ పడుతున్నాయి!"

పడతాయి మరి. లేఅప్‌లు (రింగు దగ్గరికెళ్లి వేసేవి) కూడా కలిపేశారు. రింగు కింద ఎప్పుడూ ఎవరో ఒకరు మీద పడుతూనే ఉంటారు, అయినా దూరం తక్కువ కాబట్టి బంతి పడుతుంది. ఖాళీగా దొరికేవి ఎక్కువగా మూడు పాయింట్ల గీత దగ్గర, అంటే అంతర్జాతీయ సమాఖ్య ఫీబా కొలతలో 6.75 మీటర్ల అవతల. ముందు దూరాన్ని బట్టి విడదీయండి, ఆ తర్వాతే ఖాళీ సంగతి.

బంతి చేతిని వదిలిన క్షణంలో డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో అదే కొలత. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కల్లో 4 నుంచి 6 అడుగులుంటే ఓపెన్, 6 దాటితే వైడ్ ఓపెన్. వాళ్లకి 2013-14 సీజన్ నుంచి అన్ని అరీనాల్లోనూ కెమెరాలున్నాయి. మనకి లేవు. చెయ్యి చాపితే తగిలేవాడుంటే "దగ్గర" అనీ, రెండంగలు వేస్తేగానీ అందనివాడుంటే "ఖాళీ" అనీ నేను రాసుకుంటాను. మధ్యరకం అసలు రాయను.

ఇక నాకు ఒళ్లు మండే మాట: "ఖాళీగా వదిలితే ఎవడైనా వేస్తాడు." ఫ్రీ త్రోకి (ఫౌల్ జరిగితే ఇచ్చే షాట్) ఎవరూ అడ్డురారు కదా, ఎన్‌బీఏ దిగ్గజం షకీల్ ఓనీల్ కెరీర్ మొత్తమ్మీద 52.7 శాతమే వేశాడు. పైగా ఖాళీ ఊరికే దొరకదు, అవతలివాడు ఎంచుకుని వదులుతాడు. 2015 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) వారియర్స్ జట్టు మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్‌కి తన సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) ఆండ్రూ బోగట్‌ని కాపలాగా కేటాయించింది. బోగట్ అతని దగ్గరకే పోకుండా రింగు చుట్టూ కాపలా కాశాడు. అలెన్ డిఫెన్స్‌లో దిట్టే కానీ దూరం నుంచి వేయడంలో బలహీనం. దూరం నుంచి వేయడంలో మేటి స్టెఫెన్ కరీని ఎవరైనా అలా వదులుతారా? మీ కోర్టులోనూ చేయి తిరిగిన అన్నకి ఇద్దరు కాపలా, నిన్న చేరిన కుర్రాడి దిక్కు ఎవరూ చూడరు. అందరినీ కలిపి సగటు తీస్తే "ఖాళీ" గడిలో అలెన్‌లు, "దగ్గర" గడిలో కరీలు పోగవుతారు. రెండు శాతాలూ దగ్గరికొస్తాయి. అది చూసి ఖాళీ వల్ల లాభం లేదనేస్తారు! మనిషిని అతనితోనే పోల్చాలి, అదీ ఒకే చోటు నుంచి.

అభ్యాసం: ఒకే మనిషి, ఒకే కార్నర్. పది షాట్లు ఖాళీగా, పది డిఫెండర్‌తో, మార్చి మార్చి రెండొందలు. వరసగా వందేసి వేస్తే అలసట లెక్కని పాడుచేస్తుంది. డిఫెండర్ నిజంగా ఎగరాలి, ఫోన్ చూస్తూ చెయ్యెత్తితే కుదరదు. వానకి తడిసిన కోర్టులో వేసినవి రాయొద్దు.