వ్యాసంలో వాదన రాయించడం: నా అనుభవం

"బడికి సెల్‌ఫోన్ తేవచ్చా?" అని వ్యాసం ఇస్తే మా తొమ్మిదో తరగతి పిల్లలందరూ "నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టి, సగం లాభాలు, సగం నష్టాలు రాసి, "కాబట్టి మితంగా వాడాలి" అని ముగించేవారు. అంతా గైడు పుణ్యం. నమూనా వ్యాసాలు చదివించాను, డిబేట్ పెట్టాను, ఎర్రసిరాతో దిద్దాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు అంశం మార్చాను: ఆటల పీరియడ్‌లో లెక్కల క్లాసు పెట్టొద్దు. చదివేది మా లెక్కల మాస్టారే అని కూడా చెప్పాను. తర్వాత, తమ మాట కాకుండా, ఆయన ఏమంటారో మూడు వాక్యాలు రాయమన్నాను. "సిలబస్ మిగిలిపోయింది" లాంటివి. ఒక్కో వాక్యం కింద "నిజమే, కానీ" అని రాసి, తాము కళ్లారా చూసిన సంగతి ఒకటి చేర్చాలి. సూక్తులు, సామెతలు నిషేధం. (దీనికి పెద్ద గొడవే చేశారు.) ఒకమ్మాయి ఆ నెలలో ఎన్ని ఆటల పీరియడ్లు పోయాయో డైరీ చూసి లెక్కకట్టింది. ఇవన్నీ అయ్యాకే మొదటి పేరా రాయనిచ్చాను. అసలు కిటుకు అదేననుకుంటా.

మాస్టారు చదివి నవ్వి, శుక్రవారం పీరియడ్ తిరిగి ఇచ్చేశారు.

పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఇది నడుస్తుందో లేదో చెప్పలేను. వాక్యం రాయడమే కష్టమైన ఐదారుగురికి ఇదీ పనికిరాలేదు. వాళ్లు నోటితో చెబితే నేనే రాసిపెట్టాను.